పక్కింట్లో పెట్టిన ప్రయాణం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ప్రయాణం కాళ్ళతో మొదలయ్యేది కాదు, మూటతో మొదలయ్యేది. ఊరికి పోవాలంటే ముందు మంచి ఘడియ చూడాలి. ఆ ఘడియకి బస్సూ రైలూ రావు కదా, అవి వాటికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. అందుకని మంచి ఘడియలో ఒక చీరో కండువానో మూటగట్టి, పోవలసిన దిక్కున ఉన్న ఎవరింట్లోనో పెట్టి వచ్చేవాళ్ళు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. మూట గడప దాటిందంటే మనిషి బయలుదేరినట్టే లెక్క. ఆ తర్వాత వర్జ్యంలో కదిలినా దోషం అంటదు. ఇది చెబితే మా మనవరాళ్ళు నవ్వుతారు. నెల ముందే టిక్కెట్టు కొని ఫోనులో దాచుకునే మీరు చేసేది మాత్రం ఏంటి, అది కూడా మూట పెట్టడమే కదా అంటాను నేను.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. నేను నరసరావుపేటలో మా అమ్మమ్మ దగ్గర ఉండి చదువుకునేదాన్ని. మా అమ్మానాన్నలది గురజాల అవతల పల్లెటూరు. అక్కడ ఆడపిల్లలకి బడి లేదని నన్ను పేటలో దించారు. ఆ ఊరికి పోవాలంటే మూడు బళ్ళు మారాలి. పేటలో బస్సెక్కి పిడుగురాళ్ళ, అక్కడ రైలెక్కి గురజాల, గురజాల స్టేషన్లో దిగాక ఎద్దులబండి. ఒకదాని సంగతి ఒకదానికి పట్టదు. మధ్యలో ఏది తప్పినా ఆ రాత్రి స్టేషన్లోనో సత్రంలోనో గడపాలి. కారు అనేది మా వీధి మొత్తానికి ప్లీడరు గారికే ఉండేది. పెట్రోలు దొరక్క అదీ పాకలో పడి ఉంటే దాని మీద కోళ్ళు ఎక్కి కూర్చునేవి.

పెట్రోలు లేకపోబట్టే బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనకాల నిలువెత్తు డ్రమ్ము ఉండేది. దాన్నిండా బొగ్గులు పోసి, అడుగున నిప్పు పెట్టి, దాని పక్కన ఉన్న చేతిచక్రం క్లీనరు గిరగిరా తిప్పి గాలి కొట్టేవాడు. బొగ్గు బాగా రాజుకుని లోపల గ్యాసు తయారైతే తప్ప ఇంజను పలకదు. మా ఇల్లు బస్సులు ఆగే చోటికి దగ్గర. ఆ చక్రం చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది. చప్పుడు సాగుతున్నంతసేపూ ఇంకా వ్యవధి ఉన్నట్టు, ఆగిందంటే బస్సు కదలబోతున్నట్టు.

పిడుగురాళ్ళ బస్సు నడిపేది మా పక్కింటాయనే. వాళ్ళు తురకలు. ఆయన్ని నేను మామా అనేదాన్ని, ఆయన భార్యని అత్తా అనేదాన్ని. అత్త కుట్టుపని చేసేది. వాళ్ళ ఇల్లు మా ఇంటికి పడమటి పక్కన. గురజాల కూడా మాకు పడమటి దిక్కే. దాంతో మా అమ్మమ్మ కూతురి దగ్గరకి పోవాలనుకున్నప్పుడల్లా ప్రస్థానం మూట వాళ్ళింట్లోనే పెట్టేది. అత్త దాన్ని ట్రంకుపెట్టె మీద పెట్టి, పైన శుభ్రమైన గుడ్డ కప్పి, పిల్లల్ని ఆ ఛాయలకి రానిచ్చేది కాదు. మా పట్టింపు వాళ్ళకి లేదు. అయినా మూట ఎప్పుడు పెట్టాలో, ఎట్లా తీయాలో ఆమెకి మా అందరికన్నా బాగా తెలుసు. ఇవతలి ఇంటి మూట అవతలి ఇంట్లో ఉండటం మా వీధిలో ఎవరికీ వింతగా తోచేది కాదు.

అప్పుడు మా అమ్మ మళ్ళీ నీళ్ళోసుకుని ఉంది. నా తర్వాత పుట్టిన బిడ్డ దక్కలేదు. ఈసారి అమ్మమ్మే దగ్గరుండి పురుడు పోయాలని ముందునుంచీ అనుకున్నది. అమ్మమ్మ పేరుపడ్డ మంత్రసానేం కాదు, రైతు ఇల్లాలు. కానీ కడుపు మీద చెయ్యి వేసి బిడ్డ ఎటు తిరిగి ఉందో చెప్పేది, అడ్డం తిరిగిన బిడ్డని ఆముదం రాసి మెల్లగా సర్దేది. నేను కూడా అట్లా సర్దితే పుట్టిన దాన్నేనట. పుట్టబోయే బిడ్డ కోసమని తన మెత్తటి పాత చీర ఒకటి బొంత కుట్టమని అత్తకి ఇచ్చింది. అది ఇవ్వడానికి కూడా మంచి రోజు చూసిందండోయ్. శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి, పసుపు పెట్టి మరీ తీసుకుపోయి ఇచ్చింది. పురుటికి ఇంకా పక్షం పైన ఉంది, తీరిగ్గా పోదాంలే అనుకున్నారు.

ఆ శుక్రవారం పోయి ఇంకో శుక్రవారం కూడా దాటాక ఒకరోజు తెల్లవారుతూనే నాన్న దగ్గరి పాలేరు మా గుమ్మం ముందు నిలబడ్డాడు. రాత్రంతా నడిచీ, దొరికిన బండి ఎక్కీ వచ్చాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా దుమ్ము. మంచినీళ్ళు ఇస్తే తాగకుండా చెంబు పట్టుకునే చెప్పాడు.

"అమ్మాయిగారికి నొప్పులు వచ్చి ఆగి, వచ్చి ఆగి సతాయిస్తన్నయ్యి. బిడ్డ అడ్డం తిరిగిందంట. మంత్రసాని నావల్ల కాదంది. పెద్దమ్మగారిని పొద్దుగూకే లోపల ఎట్టయినా తీసుకురమ్మన్నారు."

నా చేతిలో చద్దన్నం గిన్నె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అట్లాగే పట్టుకుని నిలబడ్డాను. అమ్మమ్మ మాత్రం అప్పటికే లోపలికి పోయింది. ఆముదం సీసా, పాతగుడ్డలు, వాము, కత్తెర చకచకా సంచిలో సర్దింది. నన్ను కూడా తయారవమంది. ఇంట్లో నన్ను చూసుకునేవాళ్ళు లేరు, తాతయ్యకి ఉబ్బసం, ఆయన్ని చూసుకోవడానికే పాలేరుని ఉండిపొమ్మంది. అంతా అయ్యాక వీధి చివరి పంతులు గారింటికి పోయి వచ్చింది. వచ్చేటప్పటికి ముఖంలో రక్తం లేదు.

వర్జ్యం అప్పుడే మొదలైందట. బస్సు పోయేది సరిగ్గా ఆ వర్జ్యంలోనే.

అమ్మమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. వర్జ్యం దాటాక వేరే ఏదన్నా బండి చూసుకుందాం అంది. వేరే బండి లేదని ఆమెకీ తెలుసు. ఆ బస్సు తప్పితే పిడుగురాళ్ళలో రైలు తప్పుతుంది, రైలు తప్పితే మళ్ళీ మర్నాడే. పొద్దుగూకే లోపల రమ్మన్న చోటికి మర్నాడు పోయి చేసేది ఏముంది. అంత వయసు లేని నాకే అర్థమవుతున్న సంగతి అమ్మమ్మకి అర్థం కాదా అని నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బయట చక్రం చప్పుడు గిర్రుమంటూ సాగుతోంది.

తాతయ్య రోజూ పేపరు చదివే మనిషి. తిథులూ శకునాలూ అంటే ఆయనకి ఒళ్ళుమంట. ముందు మంచిగా చెప్పాడు, తర్వాత లెక్కలు చెప్పాడు, ఆ తర్వాత దగ్గుతూ అరిచాడు.

"కూతురు అక్కడ చావుబతుకుల్లో ఉంటే నీకు వర్జ్యం ఏందే?"

అమ్మమ్మ తలెత్తి ఆయన్ని చూసింది. "చిన్నదానప్పుడు కూడా నువ్వు ఇట్టాగే అరిచి పంపావు నన్ను" అంది.

తాతయ్య మంచం మీద కూలబడ్డాడు. చిన్నది అంటే మా పిన్ని. శావల్యాపురంలో ఇచ్చారు. నాకు ఆమె ముఖం కూడా గుర్తులేదు. ఆమెకి నొప్పులని కబురొచ్చినప్పుడు వేళా పాళా చూసుకోకుండా అమ్మమ్మ ఉన్నఫళాన రైలెక్కి పోయిందట. శావల్యాపురం ఎంత దూరం, రైలెక్కి ఒక కునుకు తీసే లోపల వస్తుంది. అయినా అమ్మమ్మ పోయేసరికి తల్లీ బిడ్డా ఇద్దరూ లేరు. తర్వాత చూస్తే తను గడప దాటింది వర్జ్యంలోనని ఎవరో చెప్పారు. ఆ చెప్పినవాళ్ళ నోరు పడిపోను అని నేను ఈనాటికీ తిట్టుకుంటాను. ఆ మాట అమ్మమ్మ గుండెలో అట్లా దిగబడిపోయింది. అప్పటినుంచీ వేళ చూడకుండా ఆమె సంతకి కూడా పోలేదు.

తాతయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. పాలేరు గుమ్మంలో తలవంచుకుని నిలబడ్డాడు. నేను అమ్మమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. ఆ చెయ్యి చల్లగా ఉంది, రాలేదు. చక్రం చప్పుడు కొంచెం మారింది. బొగ్గు రాజుకున్నాక ఆ చప్పుడు పల్చబడుతుంది, నాకు బాగా తెలుసు. అమ్మ చచ్చిపోతుంది అని నాకు ఆ చప్పుడులోనే వినిపించింది.

అప్పుడు పక్కింటి అత్త వచ్చింది. గోడ అవతలనుంచి అంతా వినే ఉంటుంది. చేతిలో అమ్మమ్మ ఇచ్చిన పాత చీర, బొంతగా మారి ఉంది. మూడు వైపులా అంచు కుట్టడం అయింది, నాలుగో వైపు సగంలో ఉంది. సూది దానికే గుచ్చి, దారం వేలాడుతోంది. ఆమె తాతయ్యలాగా వర్జ్యం లేదు గిర్జ్యం లేదు అనలేదు. అమ్మమ్మ ముందు గొంతుకూర్చుని, చాలా మామూలుగా, పప్పులో ఉప్పు వేశావా అని అడిగినంత మామూలుగా అంది.

"నువ్వు బయలుదేరి వారం దాటింది గదా పెద్దమ్మా. ఇంకా ఇక్కడ కూర్చున్నావేంది?"

అమ్మమ్మకి అర్థం కాలేదు. అత్త బొంత ఆమె ఒళ్ళో పెట్టింది. ఇది ఎవరి చీర అని అడిగింది. ఎవరి కోసం ఇచ్చావు, ఏ రోజు ఇచ్చావు, వేళ చూసుకునే కదా ఇచ్చావు అని ఒక్కొక్కటే అడిగింది. అమ్మమ్మ తల ఊపుతూ పోయింది. "మీ ఇంట్లోంచి వచ్చిన కాడినుంచి మూటలు పెట్టే పెట్టె మీదే ఉంది. నేను కుట్టేటప్పుడు తప్ప దాన్ని కదిలించలా. నీ మూట పడమటింట్లో ఉంటే నువ్వు ఇంట్లో ఉన్నట్టా, దారిలో ఉన్నట్టా?" అంది.

అమ్మమ్మ బొంత మీద చెయ్యి వేసి, అంచు వెంట సూది ఉన్న చోటిదాకా తడిమింది. బయట చక్రం చప్పుడు ఆగిపోయింది.

అమ్మమ్మ లేచింది. బొంతని చంకలో పెట్టుకుంది, నా రెక్క పట్టుకుంది, వెనక్కి చూడకుండా గడప దాటింది. అత్త ముందు పరిగెత్తి బస్సుకి అడ్డం నిలబడింది. మామ స్టీరింగు ముందు కూర్చుని భార్య రోడ్డు మధ్యన నిలబడటం చూసి నోరు తెరిచాడు. మమ్మల్ని చూసి ఏమీ అడగకుండా తన వెనక సీటులో ఉన్నవాళ్ళని జరగమన్నాడు.

బస్సు కదిలాక నాకు ప్రాణం కుదుటపడింది. కానీ ఎంతసేపు. ఊరు దాటి చానా దూరం పోయాక, వాగు దిగి అవతలి మిట్ట ఎక్కబోతూ బస్సు దగ్గి దగ్గి నిలబడిపోయింది. బొగ్గు బస్సుకి మిట్ట అంటే పడదు. అందరూ దిగారు. క్లీనరు డ్రమ్ము అడుగున బూడిద పొడిచి లాగి, మళ్ళీ చక్రం తిప్పడం మొదలుపెట్టాడు. నేను అమ్మమ్మ ముఖం వైపు చూడటానికి భయపడ్డాను. వర్జ్యమే దీన్ని ఆపిందని అంటుందేమో, తిరిగి ఇంటికి నడుస్తుందేమో అనుకున్నాను. ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో, ఏ కూతుర్ని తలుచుకుంటోందో తెలియదు. మగవాళ్ళు బస్సుని తోయడానికి చేరితే, అమ్మమ్మ సంచి నా చేతికిచ్చి తను కూడా పోయి వెనక భుజం ఆనించింది. ఆడమనిషివి నువ్వెందుకు పెద్దమ్మా అని ఎవరో అన్నా వినలేదు. చీరకి ముఖానికి మసి. మిట్ట సగం దాకా తోశారు, అప్పుడు ఇంజను పలికింది. మామ ఇక ఎక్కడా ఆపలేదు, చెయ్యెత్తిన వాళ్ళ కోసం కూడా.

స్టేషన్లోకి పరిగెత్తుకుంటూ పోయాం. ప్లాటుఫారం మీద జనం నిండా ఉన్నారు. రైలు పోలేదు. పోలేదని నేను ఎగిరి గంతేశాను. తీరా అడిగితే అది అసలు రానే లేదట. మిలిటరీ సామాన్ల బండికి దారి ఇవ్వడానికి వెనక ఎక్కడో ఆపేశారట. బెల్లంకొండ దాకా వచ్చిందని ఒకరు, సత్తెనపల్లే దాటలేదని ఒకరు. స్టేషనుమాస్టరుని అడిగితే వచ్చినప్పుడు వస్తుందన్నాడు. పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు.

అంత బరువైన ఎదురుచూపు నా జీవితంలో మళ్ళీ లేదు. నడిచిపోయే పనైతే కాళ్ళన్నా కదుపుతూ ఉండొచ్చు, ఇక్కడ చేసేదేమీ లేదు. ఎండ రేకుల కిందకి పాకింది. నేను పట్టాలకేసి చూసి చూసి కళ్ళు మండితే అమ్మమ్మ వైపు చూశాను. ఆమె బెంచీ చివర కూర్చుని, బొంత విప్పుకుని, అత్త సగంలో వదిలిన అంచు కుడుతోంది. తల ఎత్తడం లేదు. అమ్మకి ఏమవుతుంది అని అడిగితే, సూది దించకుండానే ఏమీ కాదు కూర్చో అంది. అమ్మమ్మకి భయం లేదు, కనుక నేనూ భయపడక్కర్లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. నాలుగో వైపు అంచు పూర్తయి, దారం పంటితో కొరికే వేళకి దూరంగా పొగ కనిపించింది.

గురజాల స్టేషన్లో దిగేసరికి పొద్దు బాగా వాలింది. వస్తామో రామో తెలియకపోయినా మా నాన్న బండి కట్టుకుని పొద్దుటినుంచీ అక్కడే ఉన్నాడు. మేము ఎక్కీ ఎక్కగానే ఎద్దుల తోకలు మెలిపెట్టాడు. నాపరాళ్ళ బాట మీద బండి ఎగిరెగిరి పడుతుంటే నేను బొంతని గుండెకి అదుముకుని కూర్చున్నాను. ఇల్లు కనిపించింది. వాకిట్లో ఆడవాళ్ళు గుంపుగా ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. లోపలినుంచి ఏ చప్పుడూ లేదు. అమ్మమ్మ బండి ఆగకముందే దిగింది, ఒక్క క్షణం నిలబడిపోయింది. పిన్ని వాళ్ళ వాకిట్లో కూడా ఇట్లాగే ఉండి ఉంటుంది.

అప్పుడు లోపలినుంచి మా అమ్మ మూలుగు వినిపించింది. మూలుగు విని సంతోషించింది లోకంలో మేమిద్దరమేనేమో. అమ్మమ్మ చేతులు కడుక్కుని లోపలికి పోయింది. దీపాలు పెట్టే వేళ దాటిన కాసేపటికి బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. బొంత ఇటు తెమ్మని అమ్మమ్మ కేక వేస్తే, నేనే తీసుకుపోయి ఇచ్చాను.

నెల తిరిగాక పేటకి వస్తూ రైల్లో అమ్మమ్మ కిటికీ పక్కన కూర్చుని ఉంది. మనసు తేలికైనప్పుడే ఆమె మాట్లాడేది. ప్రస్థానం గొప్పది కదమ్మమ్మా అన్నాను. ఆమె నవ్వింది.

"ప్రస్థానానికి గడువు ఉంటదే పిచ్చిదానా. మా బోటివాళ్ళకి అయిదు రోజులు. అది దాటితే మూట తెచ్చుకుని మళ్ళీ పెట్టాల. అయినా కుట్టమని ఇచ్చిన గుడ్డ ప్రస్థానం ఎట్టవుద్ది?"

మరి ఎందుకు లేచావు అని అడిగాను. కిటికీ వైపు తిరిగి చెప్పింది.

"కాళ్ళు రాలా నాకు. నేను పోయేసరికి మీ అమ్మ కూడా పోయి ఉంటదేమోనని. మీ తాత లెమ్మని అరిచాడు, నువ్వు గుంజావు. లేవలేనిదాన్ని లెమ్మంటే ఎట్టా లేస్తది? పక్కింటిదొచ్చి నువ్వు ఎప్పుడో లేచావు అంది. సరేలే అనుకున్నా."

ఇల్లు చేరాక ముందు పక్కింటికే పోయింది. ఆ సూదిని మూటలు పెట్టే పెట్టె మీద పెట్టింది. అత్త పాప ఎట్లా ఉందని అడిగింది, వర్జ్యం సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. అత్తకి ఆ గడువు సంగతి తెలియదనుకున్నారా? అన్నేళ్ళు మా మూటలు కాపలా కాసిన మనిషికి!

తర్వాత నేను చాలా ప్రయాణాలు చేశాను, చాలామందిని ప్రయాణం చేయించాను. మా ఆయన ఆపరేషనుకి రానని మంచం పట్టుకుని కూర్చున్నప్పుడు పిల్లలు డాక్టర్ల మాటలన్నీ అప్పజెప్పారు. నేను నోరు మూసుకుని, ఆయన కళ్ళజోడూ కండువా ముందే తీసుకుపోయి ఎదురింటివాళ్ళ ఆటోలో పెట్టించాను. కాసేపటికి కళ్ళజోడు ఏదే అని వెతుక్కుంటే, అది నీకన్నా ముందు పోయింది, నువ్వే ఆలస్యం అన్నాను. ఆయన నన్ను నాలుగు తిట్టి, చెప్పులు వేసుకున్నాడు.

ఆ బొంత ఇప్పటికీ మా చెల్లెలి దగ్గర ఉంది. పోయినసారి పోయినప్పుడు విప్పి చూశాను. చీర రంగు ఏమీ మిగల్లేదు కానీ కుట్లు ఉన్నాయి. మూడు వైపులా అత్త కుట్లు, చిన్నవి, ఒకే తీరు. నాలుగో వైపు సగం తర్వాతినుంచి అమ్మమ్మవి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, కొన్ని అంచు దాటి లోపలికి పోయాయి, ఒకచోట గుడ్డ రెండు మడతలు కలిపి కుట్టేసింది. అమ్మమ్మ చేతులు ఆ రోజు వణకలేదనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ కుట్ల మీద వేలు పోనిచ్చాను. ఎవరినైనా లెమ్మని కసిరే ముందు నాకు ఇప్పుడు ఆ నాలుగో అంచే గుర్తొస్తుంది.